మిల్లు బిళ్ళలు

మొదటిది గుండీల డబ్బాలో దొరికింది.

అది 2002, జనవరి. నేను బెంచి మీద ఉన్న రోజులు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీల్లో బెంచి అంటే ఏమిటో ఆ ఏడాది అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టు ఉండదు, జీతం సగమో అంతకన్నా తక్కువో వస్తుంది, వీసా గడువు మాత్రం దాని మానాన అది కరిగిపోతుంటుంది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "ఏమైనా ఉందా అండీ" అని అడగడం, "వచ్చే వారం చూద్దాం" అనిపించుకోవడం. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ మొహంలో టెన్షన్ కనపడేది. నా మొహంలో ఆవిడకి ఏం కనపడేదో నేనెప్పుడూ అడగలేదు. అందుకని కారు తీసుకుని ఊరు మీద పడేవాణ్ణి.

మేముండే మిస్సోరి రాష్ట్రపు సెయింట్ లూయిస్‌లో చెరోకీ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. వరసగా పాత సామాన్ల కొట్లు. లోపల వెచ్చగా ఉంటుంది, ఎంతసేపు తిరిగినా ఎవరూ ఏమీ అనరు, టికెట్ లేదు. ఉద్యోగం లేనివాడికి అంతకన్నా ఏం కావాలి? ఒకరోజు అక్కడ పాత కాఫీ డబ్బా నిండా గుండీలు రెండు డాలర్లకి కనిపించాయి. మా అమ్మాయి గౌనుకి గుండీలు ఊడిపోయాయని మా ఆవిడ గోల పెడుతోంది. కొత్తవి కొంటే నాలుగు గుండీలకే రెండు డాలర్లు. డబ్బా కొన్నాను.

ఇంటికొచ్చి పాత పేపరు పరిచి కుమ్మరించాం. ముత్యాల గుండీలు, కొమ్ము గుండీలు, గుడ్డ చుట్టినవి. వాటి మధ్య గుండీ కానిదొకటి దొర్లింది. బూడిద రంగు బిళ్ళ, వేళ్ళకి కాస్త గరుగ్గా తగులుతోంది. మెరుపు లేదు, వాసన మాత్రం ఉంది, తుప్పుపట్టిన బొక్కెన వాసన. దాని మీద మిస్సోరి అనీ, సేల్స్ ట్యాక్స్ రిసీట్ అనీ, ఒకటి అంకె. బస్సు టోకెనేమో అనుకున్నాను. కానీ బస్సు టోకెన్ మీద సేల్స్ ట్యాక్స్ అని ఎందుకుంటుంది?

పక్కింటి పెద్దావిడకి అప్పటికి డెబ్బై దాటాయి. మంచు పడితే ఆవిడ వాకిలి నేను తుడిచేవాణ్ణి, ఆవిడ మా పిల్లకి కుకీలు ఇచ్చేది. బిళ్ళ చూపించగానే గుక్కెడు గాలి పీల్చి, "మిల్స్!" అంది, చిన్నప్పటి స్నేహితురాలు కనపడినట్టు. అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "మా అమ్మ వీటిని బ్రెడ్డుకి, పాలకి విడివిడిగా లెక్కపెట్టి నా చేతిలో పెట్టేది. ఒకటి తగ్గినా ఇంటికెళ్ళాక అడిగేది" అని చెప్పింది.

మిల్లు అంటే సెంటులో పదో వంతు. డాలరులో వెయ్యో వంతు. అంత చిన్న నాణెం అమెరికా ప్రభుత్వం ఎన్నడూ ముద్రించలేదు. మరి ఈ బిళ్ళ ఎవరు చేశారు, ఎందుకు చేశారు? ఆ శీతాకాలమంతా నాకు అదే పని. లైబ్రరీలో రెజ్యూమె ప్రింట్ తీసుకోవడానికి వెళ్ళి ఇది చదువుకుని వచ్చేవాణ్ణి.

1929లో స్టాక్ మార్కెట్ కూలింది. 1933 నాటికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. ఇదే సెయింట్ లూయిస్‌లో మిసిసిపీ ఒడ్డున రేకులతో, చెక్కపెట్టెలతో గుడిసెలు వేసుకుని ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఉండేవారు. దేశంలో అలాంటి పేటల్లో పెద్దవాటిలో ఇదొకటి. దాన్ని హూవర్‌విల్ అనేవారు, అప్పటి అధ్యక్షుడు హూవర్ మీద కోపంతో. అప్పటిదాకా రాష్ట్రాలకి రాబడి ఎక్కువగా ఇళ్ళ మీదా భూముల మీదా పన్నుల నుంచి వచ్చేది. ఇల్లే పోయినవాడు ఇంటిపన్ను ఏం కడతాడు? మరోపక్క సాయం కోసం జనం క్యూలు కడుతున్నారు. దాంతో చాలా రాష్ట్రాలు అమ్మకపు పన్ను మీద పడ్డాయి. 1932లో మిసిసిపీ రాష్ట్రంతో మొదలై ఆ దశాబ్దంలో ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి.

చిక్కల్లా చిల్లర దగ్గర వచ్చింది. మిస్సోరిలో 1935లో పన్ను నూటికి ఒకటి. పది సెంట్ల బ్రెడ్డు మీద పన్ను సెంటులో పదో వంతు. దానికి నాణెం ఏదీ? కొట్టువాడు ఒక సెంటు పుచ్చుకుంటే పది రెట్లు పన్ను వసూలు చేసినట్టు. పుచ్చుకోకపోతే ఆ పన్ను తన జేబులోంచి కట్టాలి. ఇవాళైతే ఎవరూ పట్టించుకోం. కానీ సెంటుకి కూడా సరుకు వచ్చే రోజుల్లో, ఇంట్లో సెంట్లే లేని రోజుల్లో, ప్రతి కొనుగోలుకీ ఒక సెంటు ఊరికే పోవడమంటే మాటలు కాదు.

అందుకని ఈ బిళ్ళలు. ముప్ఫై సెంట్ల సరుకు కొంటే పన్ను మూడు మిల్లులు. మీరు ముప్ఫై ఒక్క సెంట్లు ఇస్తారు, కొట్టువాడు ఏడు మిల్లులు తిరిగి ఇస్తాడు. అయిదు మిల్లులది ఒకటి, ఒక మిల్లువి రెండు. మర్నాడు పది సెంట్ల వస్తువు కొంటే దానికి పది సెంట్లూ ఒక బిళ్ళా. అంతే. లెక్క చూస్తే ఇంత ధర్మమైన పన్ను ఇంకోటి లేదనిపిస్తుంది. జనం మాత్రం తిట్టిపోశారు. జేబులు బరువు, పర్సులు బరువు, కౌంటర్ల దగ్గర ఆలస్యం, పోతే వెతుక్కోవాలి. పన్నెండు రాష్ట్రాలు వీటిని విడుదల చేశాయి. చాలావరకు కొన్నేళ్ళకే విసిగి వదిలేశాయి. ఇంత మొత్తం దాకా పన్ను లేదు, ఇంత నుంచి ఇంతకి ఒక సెంటు, ఆ పైన రెండు అని శ్లాబుల పట్టిక గోడకి అంటించి చేతులు దులుపుకున్నాయి. మా మిస్సోరి ఒక్కటే పట్టు వదలకుండా 1961 దాకా లాగింది.

ఆ మార్చిలో నాకు ప్రాజెక్టు దొరికింది. బిళ్ళల పిచ్చి మాత్రం పోలేదు.

ఖర్చు తక్కువ పిచ్చి. మామూలు బిళ్ళలు పావు డాలరుకో అంతకన్నా తక్కువకో దొరికేవి. నాణేల కొట్లలో వీటిని అద్దాల కింద పెట్టరు. కౌంటరు పక్కన ఒక గిన్నెలో పోసి ఉంచుతారు, చేత్తో కెలుక్కోవాలి. నాకు ఆ కెలకడమే ఇష్టం, చిన్నప్పుడు మా కొట్లో పెసల బస్తాలో చెయ్యి పెట్టి తిప్పినట్టు. నది ఇవతల మిస్సోరి, అవతల ఇల్లినాయ్. వంతెన దాటితే పన్ను వేరు, బిళ్ళ వేరు. ఇల్లినాయ్‌లో 1935లో నూటికి మూడు, అయిదు సెంట్ల సరుకు మీద ఒకటిన్నర మిల్లు. అందుకని వాళ్ళది ఏకంగా ఒకటిన్నర మిల్లు బిళ్ళ! మొదట గుండ్రంగా చేశారు. మరీ నాణెంలా ఉందని కేంద్ర ఖజానావాళ్ళు అభ్యంతరం చెప్పారు. తర్వాతిది నలుపలకలుగా చేశారు. ఆ నలుపలకల బిళ్ళ మొదటిసారి చూసినప్పుడు నాకు మన అయిదు పైసల బిళ్ళ గుర్తొచ్చి గుండె జల్లుమంది.

ఒక తప్పు కూడా చేశాను, చెప్పుకోవాలి. ఎరుపు, నీలం రంగుల్లో చిన్న గట్టి అట్ట బిళ్ళలు సంచీ నిండా కొని, ఏడాదిపాటు వాటిని పన్ను బిళ్ళలేనని ఆల్బంలో దాచుకున్నాను. తర్వాత తెలిసింది, అవి 1944లో వచ్చిన రేషన్ బిళ్ళలు. మాంసానికి ఎరుపు, డబ్బా సరుకులకి నీలం. యుద్ధకాలపు సంగతి, పన్నుతో సంబంధమే లేదు.

2004 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు.

మా నాన్నది తెనాలిలో కిరాణా కొట్టు. నలభై ఏళ్ళు ఆ గల్లాపెట్టె వెనకాలే కూర్చున్నాడు. సేల్స్ ట్యాక్స్ అన్న మాట మా ఇంట్లో దెయ్యం పేరులాంటిది. "సేల్స్ ట్యాక్సు వాళ్ళు బజార్లో దిగారంట" అని ఒక కుర్రాడు పరిగెత్తుకొస్తే వీధి వీధంతా షట్టర్లు సగానికి దిగేవి. మా నాన్న మాత్రం దించేవాడు కాదు. చిట్టా పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చునేవాడు. అంత నిజాయితీపరుడని కాదు, షట్టరు దించితే అది మళ్ళీ పైకి లేవదు, తుప్పు. ఆయన 1939లో పుట్టాడు. మద్రాసు రాజధానిలో రాజాజీ మంత్రివర్గం మద్యనిషేధంతో పోయిన రాబడికి బదులుగా అమ్మకపు పన్ను చట్టం తెచ్చిందీ ఆ ఏడాదే. మన కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు మద్రాసులోనే కదా. "నేనూ ఆ పన్నూ కవలలంరా, నన్ను వదలదు" అనేవాడు.

అలాంటి మనిషికి, నేను అమెరికా వచ్చి అమ్మకపు పన్ను బిళ్ళలు డబ్బులిచ్చి కొంటున్నానని చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది.

"ఏం బిళ్ళలు?"

"మిల్లు బిళ్ళలు నాన్నా."

"రైసు మిల్లువా?"

డైనింగ్ టేబుల్ మీద ఆల్బం పెట్టి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కొక్కటీ కవరులోంచి తియ్యమన్నాడు. కవరులోంచి చూడటం ఆయనకి నచ్చదు. వాషింగ్టన్ రాష్ట్రపు బిళ్ళ, మధ్యలో చిల్లు ఉన్నది, వేళ్ళ మధ్య పట్టుకుని ఎగరేశాడు. అల్యూమినియం. గాలికి ఎగిరిపోయేటంత తేలిక. టేబుల్ గాజు మీద పడితే "టిక్" అంది. "మోగదు" అన్నాడు, పెదవి విరిచి. తర్వాత చిల్లులోంచి కిటికీ వైపు చూశాడు.

"చిల్లు కానీ" అన్నాడు.

యుద్ధం రోజుల్లో, 1943 నుంచి మన కానీకి, అంటే పావు అణా నాణేనికి, చిల్లు పెట్టి ముద్రించారు, లోహం పొదుపని. నాన్నకి మొలతాడుకి అది కట్టేవారట, దిష్టి తగలకుండా. ఒకసారి దాన్ని మొలతాడుతో సహా తెంపుకెళ్ళి మరమరాల ఉండ కొనుక్కుంటే, మా నాయనమ్మ కొట్టువాడి దగ్గరికి వెళ్ళి తగువాడి మరీ వెనక్కి తెచ్చిందట. ఉండ అప్పటికే కడుపులో ఉంది కాబట్టి అది నాన్నకి లాభం. ఈ కథ నేను పుట్టాక ముప్ఫై అయిదేళ్ళకి, మిస్సోరిలో, ఒక వాషింగ్టన్ బిళ్ళ చూసి చెప్పాడు.

పక్కింటి పెద్దావిడ చెప్పింది ఆయనకి చెప్పాను. చిల్లున్న బిళ్ళల్ని ఆవిడ తమ్ముడు రేకులకి మేకులు కొట్టేటప్పుడు వాషర్లుగా వేసేవాడట. "మేమూ అంతే, కానీ కన్నా వాషరు ఖరీదు" అన్నాడు నాన్న. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ వేసవంతా కంచె మీదుగా చేతులూపుకునేవారు.

తర్వాత అట్ట బిళ్ళ తీశాను. మిస్సోరిలో మొదట వచ్చినవి ఇవే, పాల సీసా మూతలు చేసే అట్టతో చేసినవి, అంతే వెడల్పు. నా దగ్గరున్నది అంచు నలిగి, మధ్యలో ఎవరిదో నూనె వేలిముద్ర. నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తడిస్తే ఏం చేసేవారని అడిగాడు. అందుకే తర్వాత జింకు వచ్చింది, యుద్ధంలో జింకు కరువై 1943లో ప్లాస్టిక్ వచ్చింది, ఒకటికి ఎరుపు, అయిదుకి ఆకుపచ్చ అని చెప్పుకుపోతున్నాను. ఆయన వినడం లేదు. అట్ట మీద అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు.

"ఒరేయ్, ఇది డబ్బు కాదురా. రిసీటు అని రాశాడు."

నేను రెండేళ్ళుగా వీటిని పోగుచేస్తున్నాను, ఆ మాట మీద ఆగి ఆలోచించలేదు. నాణెం ముద్రించే హక్కు రాష్ట్రాలకి లేదని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. అందుకని ఇది నాణెం కాదు, పన్ను ముందే కట్టినట్టు రసీదు మాత్రమే అని దాని నుదుటి మీదే రాసుకున్నారు. నలభై ఏళ్ళు బిల్లులు రాసిన మనిషికి అది ఒక్క చూపులో దొరికింది. "గవర్నమెంటు వాడు ఊరికే రాయడు ఏ మాటా" అన్నాడు. రూజ్‌వెల్ట్ కాలంలో, 1935లోనే, అర సెంటూ ఒక మిల్లూ నాణేలు కేంద్రమే ముద్రిస్తే సరిపోతుందని ప్రతిపాదన వచ్చి కాంగ్రెస్‌లో ఆగిపోయిందని చెప్పాను. "ఆగిపోక, దాని తయారీ ఖర్చెంత!" అన్నాడు.

ఆయనకి అన్నిటికన్నా నచ్చింది ఓక్లహోమా బిళ్ళ. దాని మీద "వృద్ధుల సాయం కోసం" అని ఉంటుంది. పన్ను ఎందుకు కడుతున్నావో బిళ్ళ మీదే రాశారు. యూటాది "అత్యవసర సహాయ నిధి". ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మన ఆఫీసరు వచ్చినప్పుడు నేనిదే అడిగాను ఒకసారి, ఇది ఎక్కడికి పోతుంది బాబూ అని. టీ తెప్పించమన్నాడు."

ప్లాస్టిక్ బిళ్ళలు ఆల్బంలో ఉండలేదు. మా అమ్మాయి వైకుంఠపాళికి తీసుకుంది. తాతయ్య ఎరుపు, తను ఆకుపచ్చ. "తాతయ్యా, నీది వన్ మిల్, నాది ఫైవ్ మిల్" అని గొప్పలు పోయేది. పాము మింగినప్పుడల్లా నాన్న తన బిళ్ళని "రావయ్యా మిల్లూ" అని కిందకి లాక్కొచ్చేవాడు.

ఒక సాయంత్రం పాలకని సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. బిల్లు నాలుగు డాలర్ల తొంభై ఏడు సెంట్లు. అయిదిచ్చాను. మూడు సెంట్లు చేతిలో పెడితే, కౌంటరు పక్కన చిన్న పళ్ళెంలో వేసేశాను. అందరూ అలాగే వేస్తారు, తక్కువైనవాళ్ళు తీసుకుంటారు. నాన్న గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"అదేంటి, చిల్లర వదిలేశావు?"

"మూడు సెంట్లు నాన్నా."

"ఎన్నయితేనేం, నీవి కదా."

మా కొట్లో చిల్లర లేకపోతే మిగతా కొట్లలోలాగా చాక్లెట్ చేతిలో పెట్టడం నాన్నకి నచ్చేది కాదు. సిగరెట్ పెట్టె అట్ట చింపి, దాని మీద పేరూ బాకీ రాసి ఇచ్చేవాడు. "పది పైసలు", కింద పొట్టి సంతకం. బస్సు కండక్టరు టికెట్ వెనక రాసిచ్చినట్టు. ఎవరైనా నెల తర్వాత ఆ అట్టముక్క పట్టుకొస్తే మారు మాట్లాడకుండా ఇచ్చేవాడు. ఎక్కువమంది తెచ్చేవారు కాదు. పోగొట్టుకునేవారు, మర్చిపోయేవారు. సాయంత్రం గల్లా లెక్క చూసేటప్పుడు ఆ పైసలు ఎక్కువ తేలేవి. వాటిని గల్లాలోనే ఒక మూల అరలో వేసేవాడు, అమ్మకంలో కలిపేవాడు కాదు. ఆ అరలో ఏముందో నాకు తెలుసు, నేను అందులోంచి దొంగిలించేవాణ్ణి కాబట్టి. అది ఆయనకీ తెలుసని ఆ రాత్రి కారులో చెప్పాడు. "ఎవరివో తెలియని పైసలు, నువ్వు తీస్తే నాకేం పోయింది" అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది.

తిరిగి వెళ్ళేటప్పుడు బిళ్ళలు రెండు అడిగి తీసుకున్నాడు, ఒక జింకుదీ, ఒక అట్టదీ. కొట్లో కూర్చునే పక్క కొట్ల వాళ్ళకి చూపించడానికట. అట్టది వానకి తడిసి ముద్దయిందని మరుసటేడు ఫోన్‌లో చెప్పి నొచ్చుకున్నాడు. ఆ ఏప్రిల్లోనే మన దగ్గర అమ్మకపు పన్ను స్థానంలో వ్యాట్ వచ్చింది. "కొత్త రసీదు పుస్తకాలు కొట్టించాలి" అని అది కూడా అదే గొంతుతో చెప్పాడు.

ఇప్పుడు ఆయనకి 86. కొట్టు లేదు. పావలా బిళ్ళ కూడా 2011లోనే చెల్లకుండా పోయింది. 2025 నవంబరులో ఇక్కడ ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణీకి చివరి పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, కొట్టి ఆపేశారు. కొన్ని కొట్లలో నగదు ఇస్తే దగ్గరి అయిదు సెంట్లకి సర్దేసి తీసుకుంటున్నారు. ఆ సంగతి వీడియో కాల్‌లో చెప్పాను. వినపడలేదేమో అనుకున్నాను, మళ్ళీ గట్టిగా చెప్పబోయాను.

"వినపడిందిలే" అన్నాడు. "మరి ఆ మిగిలిన రెండు సెంట్లూ ఏ అరలో వేస్తున్నారు?"